గాయం మానితే చాలు, పత్తి తీత కోసం ఆగొద్దు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కీమో ఎప్పుడు మొదలుపెట్టాలని మా వైపు వాళ్ళు ఎవరు ఫోన్ చేసినా, నేను ముందు తారీకు అడుగుతాను. ఆపరేషన్ ఏ రోజు అయింది? డ్రెయిన్ తీశారా? బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చిందా? చాలామంది "ఇంకా కోలుకోలేదు మేడం, కొంచెం బలం వచ్చాక పోదామనుకుంటున్నం" అంటారు. ఆ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది. మా అమ్మ విషయంలో ఇంటిల్లిపాదీ అన్నది కూడా అదే.

మాది కొండమల్లేపల్లి దగ్గర పల్లె. నేను దేవరకొండలో ఉంటాను, హైస్కూల్లో బయాలజీ చెప్తాను. అమ్మానాయిన ఊళ్ళోనే ఉండి నాలుగెకరాలు పత్తి వేస్తారు. వినాయక చవితి వెళ్ళిన వారంలో హైదరాబాద్‌లో అమ్మకు ఆపరేషన్ అయింది. కుడి రొమ్ము, దాంతోపాటు చంకలోని లింఫు గ్రంథులు తీశారు. డిశ్చార్జి రోజు సర్జన్ గారు కాగితం మీద రాసివ్వడమే కాకుండా నోటితోనూ చెప్పారు: "గాయం మానగానే కీమో. నాలుగు నుంచి ఆరు వారాల లోపల మొదలు కావాలి. నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టకండి." ఆమె అంత స్పష్టంగా చెప్పినా, కారెక్కి మాల్ అనే ఊరు దాటేసరికి మా మేనమామ మొదలుపెట్టాడు. "అక్క పానం జర కుదుటపడనీ. దసరా కానీయుండ్రి, తర్వాత చూద్దాం."

ఇక్కడ రెండు సంగతులను కలిపేస్తున్నాం. కుట్లు మానడం ఒకటి, మనిషి మునుపటిలా తిరగడం ఇంకొకటి. కీమో మొదలుపెట్టడానికి డాక్టర్లు చూసేది మొదటిదే. గాయం మూసుకుందా, చీము, ఎర్రదనం, జ్వరం లేవు కదా, రక్త పరీక్షలు బాగున్నాయా అని చూస్తారు. చెయ్యి పూర్తిగా పైకి లేవకపోయినా, నీరసంగా ఉన్నా, చంక కింద మొద్దుబారినట్టున్నా వాటి కోసం ఆగరు. అవి తగ్గడానికి నెలలు పడతాయి. అమ్మకు ఏడాది తర్వాత కూడా మోచేతి పైన లోపలి వైపు తిమ్మిరి ఉంది. అది పోయేదాకా ఆగి ఉంటే కీమో అనేదే జరిగేది కాదు.

ఇంటికొచ్చాక మొదటి పని డ్రెయిన్. చంక కింద నుంచి సన్నటి గొట్టం బయటికి వచ్చి, చివర నిమ్మకాయ కంటే కొంచెం పెద్దగా ఒక ప్లాస్టిక్ బుడ్డి ఉంటుంది. పొద్దున, సాయంత్రం మూత తీసి, గీతలున్న కప్పులోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో రాసి, మళ్ళీ బుడ్డిని గట్టిగా పిండి గాలి లేకుండా మూత పెట్టాలి. అలా పిండితేనే అది లోపలి నీరును లాగుతుంది. మొదట్లో పలచటి రక్తం రంగు, తర్వాత గంధం రంగు, తర్వాత గడ్డివాము మీద వాననీళ్ళ రంగుకు వచ్చింది. అమ్మ పాత చీర అంచుతో చిన్న సంచి కుట్టుకుని, బుడ్డిని అందులో పెట్టి మెడకు తగిలించుకునేది. రోజుకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గాక తీసేద్దామన్నారు. కాపురంలో పాల లెక్క కూడా ఎప్పుడూ రాయని మా నాయిన, క్యాలెండర్ మీద ఆ అంకెలు ఒక్క పూట తప్పకుండా రాశాడు.

డ్రెయిన్ తీసిన తర్వాత అక్కడ కొద్దిగా నీరు చేరింది. సెరోమా అంటారు. అది చూసి మా పెద్దమ్మ "ఇగ కీమో లేనట్టే" అని తేల్చేసింది. సర్జన్ గారు సూదితో ఆ నీరు తీసి, చీము పట్టనంత వరకు దీని కోసం కీమో ఆపక్కర్లేదన్నారు. ఇన్‌ఫెక్షన్ ఉంటే మాత్రం అది తగ్గేదాకా ఆగాల్సిందే. కీమోతో తెల్లరక్తకణాలు పడిపోతాయి కాబట్టి, మానని గాయం అప్పుడు చేటు చేస్తుంది.

పప్పు తింటే చీము పడుతుందని మా దగ్గర గట్టి నమ్మకం. పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ బంద్ పెట్టి కారప్పొడి, చారు అన్నంతో నెట్టుకొస్తారు. గాయం మానడానికి కావలసిన ప్రొటీన్ ఉన్నవన్నీ తీసేసి, పేషెంటు బలహీనంగా ఉంది కాబట్టి కీమో వాయిదా వేద్దామంటే ఎలా? ఈ ఒక్క విషయంలో నేను ఇంట్లో గొంతు పెంచాను. రోజూ రెండు గుడ్లు, పప్పు, వారానికి రెండుసార్లు చేపలు. డైటీషియన్ రాసిన కాగితం వంటగది గోడకు అంటించాను, నా మాట వినకపోయినా కాగితం మాట వింటారని.

నిజంగా టైము తినేసింది రిపోర్టు. తీసిన గడ్డను ల్యాబులో పరీక్షించి సైజు ఎంత, అంచుల్లో క్యాన్సర్ కణాలున్నాయా, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది అని చెప్పడానికి వారం, పది రోజులు పడుతుంది. అదే గడ్డ మీద ఈఆర్, పీఆర్ (హార్మోన్‌తో పెరిగే రకమా అని చూసేవి), హెర్-2 (కణాల మీదుండే ఒక ప్రొటీన్) అనే పరీక్షలు చేస్తారు. ఇవి లేకుండా ఏ మందు ఇవ్వాలో డాక్టరుకు తేలదు. అమ్మకు హెర్-2 దగ్గర '2 ప్లస్' అని వచ్చింది. 3 ప్లస్ అయితే పాజిటివ్, 0 గానీ 1 ప్లస్ గానీ అయితే నెగెటివ్. 2 ప్లస్ అంటే ఎటూ తేలలేదని. అప్పుడు ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. దానికి గడ్డను దాచిన మైనపు బ్లాకు కావాలి. ఆ బ్లాకు ఒక ల్యాబులో, పరీక్ష ఇంకో ల్యాబులో. వాళ్ళు పంపామంటారు, వీళ్ళు రాలేదంటారు. చివరికి మా తమ్ముడు స్వయంగా వెళ్ళి, సంతకం పెట్టి బ్లాకు తీసుకుని, చేత్తో అప్పజెప్పి వచ్చాడు. మీకు 2 ప్లస్ వస్తే ఆ రోజే బ్లాకు సంగతి అడగండి, ఫోన్ కోసం చూస్తూ కూర్చోకండి.

ఫిష్ రిపోర్టు వచ్చేదాకా కీమో ఆపాలేమోనని భయపడ్డాను. కీమో చూసే డాక్టరు, మెడికల్ ఆంకాలజిస్టు గారు అక్కర్లేదన్నారు. అమ్మకు రాసిన పద్ధతిలో మూడు వారాలకోసారి చొప్పున నాలుగుసార్లు ఏసీ అనే రెండు మందులు (డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్), ఆ తర్వాత పాక్లిటాక్సెల్. హెర్-2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్‌ను పాక్లిటాక్సెల్‌తో కలుపుతారు. అంటే అది తేలడానికి ఇంకా టైము ఉంది, మొదటి డోసు ఆగనక్కర్లేదు. అందరికీ ఇదే వరస ఉండదు గానీ, "ఈ రిపోర్టు లేకుండా మొదలుపెట్టొచ్చా?" అని మీరూ అడగండి. మా విషయంలో ఆ ఒక్క ప్రశ్నతో రెండు వారాలు కలిసొచ్చాయి.

ఇంత తొందర ఎందుకో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను. "కోసి తీసేసిండ్రు కదా బిడ్డా, ఇంక ఏముంది?" అనేది. కంటికి కనపడే గడ్డ పోయినా, స్కానుకు కూడా దొరకనంత చిన్న కణాలు అప్పటికే రక్తంలోనో లింఫులోనో బయటికి వెళ్ళి ఉండొచ్చు. కీమో వాటి కోసమే. క్లాసులో చెప్పినట్టు కణ విభజన అని మొదలుపెడితే ఆమె కళ్ళు మూతపడ్డాయి. తర్వాత ఆమే అంది: "అంటే గరిక పెరికినా వేర్లు మిగిలినట్టు. మొలక లేచినప్పుడే మందు కొట్టాలె, బలిసినంక కొడితే పత్తి ఎండుతది గాని గరిక ఎండదు." అంతకంటే బాగా నేను చెప్పలేను.

అయినా అసలు అడ్డం పత్తి దగ్గరే వచ్చింది. చవితికి ఆపరేషన్ అయితే, లెక్క ప్రకారం కీమో దసరా వెళ్ళాక పడుతుంది. సరిగ్గా మొదటి తీత టైము. "పత్తి ఏరుడు అయినంక పోదాం. కూలోళ్ళు దొరుకుతలేరు, వాన పడితే చేతికొచ్చిన పత్తి నల్లబడుతది. గింత దినాలు ఆగింది, ఇంకో రెండు నెలలు ఆగదా?" అంది అమ్మ. నాయిన మాట్లాడలేదు. ఆయన మనసులోనూ అదే ఉంది. ఆ సంవత్సరం అప్పు తీరేది ఆ పత్తితోనే.

నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పత్తి, మిరప, వరి కోతలు ఎంతమంది ఆడవాళ్ళ వైద్యాన్ని వెనక్కి నెడతాయో మనకందరికీ తెలుసు. ఆమెకు పంట మీదున్న ధ్యాస ఒంటి మీద ఉండదు. మనం కూడా దాన్ని ఆమె మంచితనమని మెచ్చుకుంటూ ఉంటాం. అలా మెచ్చుకోవడం మానాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఆ రాత్రి నేను చదివినది అందరికీ చెప్పాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో 24,843 మంది పేషెంట్ల రికార్డులు చూసి చేసిన అధ్యయనం 2016లో జామా ఆంకాలజీ అనే పత్రికలో వచ్చింది. ఆపరేషన్ అయిన నెలలోపు కీమో మొదలైనవాళ్ళకూ, రెండో నెలలో మొదలైనవాళ్ళకూ పెద్ద తేడా కనపడలేదు. 90 రోజులు దాటినవాళ్ళలో మాత్రం చనిపోయే ముప్పు 34 శాతం ఎక్కువగా ఉంది. ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ నెగెటివ్ అయిన ట్రిపుల్ నెగెటివ్ రకంలో 53 శాతం ఎక్కువ. అది పాత రికార్డుల మీద చేసిన లెక్క, ఆలస్యం ఒక్కటే కారణమని దాంతో ఖాయంగా అనలేం. కానీ నాకు కావలసింది అందులో దొరికింది. ఒక వారం అటూఇటూ అయితే గుండెలు బాదుకోనక్కర్లేదు. పత్తి తీతలన్నీ అయ్యేదాకా అంటే మాత్రం మూడు నెలలు దాటిపోతుంది.

మేనమామ కాసేపు ఊరుకుని, "పత్తి నేను చూస్త, మీరు అక్కను తీస్కపోండ్రి" అన్నాడు. అప్పటిదాకా ఆయన మీద నాకున్న కోపమంతా ఆ మాటతో పోయింది. మాటకు తగ్గట్టే డిండి వైపు నుంచి కూలీలను ఆటోలో తెప్పించి తీయించాడు.

బతుకమ్మ పండుగ ఆ వారాల్లోనే వచ్చింది. తంగేడు, గునుగు మేం కోసుకొచ్చాం. కుడి చేతికి గీతలు, ముళ్ళు తగలకూడదన్నారు కాబట్టి అమ్మ కూర్చుని ఎడమ చేత్తో పేర్చింది. లింఫు గ్రంథులు తీసిన వైపు చేతికి బీపీ చూడటం, ఇంజెక్షన్ వేయడం కూడా వద్దన్నారు. రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకిస్తూ చెయ్యి లేపే వ్యాయామం చేసేది.

ఈ వారాల్లో చేయించుకోవలసినవి ఇంకా ఉంటాయి. మొదలుపెట్టే ముందురోజు పరుగెత్తితే డేటు తప్పుతుంది. ఏసీలోని ఎర్రమందు (డాక్సోరుబిసిన్) గుండె మీద ప్రభావం చూపుతుంది కాబట్టి టూడీ ఎకో అనే గుండె స్కాను కావాలి. రక్త పరీక్షల్లో హెపటైటిస్ బి కూడా ఉంటుంది. లోపల నిద్రపోతున్న ఆ వైరస్ కీమో టైములో లేవొచ్చు. అమ్మకు ఒక దవడ పన్ను పుచ్చి ఉంటే దేవరకొండలోనే ముందుగా పీకించాం. కీమో మధ్యలో పన్ను పీకితే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం. ఆమెకు షుగర్ ఉంది. వాంతులు రాకుండా కీమోతో ఇచ్చే స్టెరాయిడ్‌కు షుగర్ పెరుగుతుందని, ముందే అదుపులో పెట్టారు.

డబ్బు సంగతికొస్తే, ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు పెంచారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి క్యాన్సర్ కోసమే ఉంది. కీమోకు అప్రూవల్ విడిగా రావాలి, కాబట్టి ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి డాక్టరు డేటు చెప్పిన రోజే వెళ్ళండి. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. కానీ కీమో ఎక్కించాక రద్దీ బస్సులో అమ్మను ఎక్కించలేదు. వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు కారు మాట్లాడుకునేవాళ్ళం.

ఆరో వారం నిండకముందే మొదటి కీమో పడింది. ఎర్రమందు ఎక్కాక మూత్రం ఎర్రగా వస్తుందని నర్సు ముందే చెప్పింది, లేకపోతే రక్తమనుకుని హడలిపోయేవాళ్ళం. వాంతులు అనుకున్నంత రాలేదు. మూడో వారంలో జుట్టు రాలింది. ఆ రోజు మాత్రం ఏడ్చింది, ఆపరేషన్‌కు కూడా అంత ఏడవలేదు.

ఆపరేషన్ అయిన అందరికీ కీమో ఉండదు. చిన్న గడ్డ, చంకకు పాకకుండా, హార్మోన్ పాజిటివ్ అయితే మాత్రలతోనే సరిపెట్టొచ్చు. కొందరికి ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తారు. అది రిపోర్టు చూసి డాక్టరు చెప్పాల్సిన మాట. నేను చెప్పేది, కీమో కావాలని డాక్టరు చెప్పాక ఇంట్లో పెట్టే వాయిదాల గురించి. ఇన్‌ఫెక్షన్ ఉందని డాక్టరు ఆపితే ఆగండి. పెళ్ళి ఉందని, పండుగ ఉందని, పత్తి ఉందని మీరు ఆపకండి. డిశ్చార్జి రోజే మెడికల్ ఆంకాలజిస్టు అపాయింట్‌మెంట్ రాయించుకోండి. ఫోన్‌లో మీరు పేరు, ఊరు చెప్పకపోయినా ఫరవాలేదు, ఆపరేషన్ తారీకు చెప్పండి. అక్కడి నుంచి ఇద్దరం కలిసి లెక్క వేద్దాం. మొదలయ్యాక 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా చూడకుండా, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకుండా, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి.