పెదవేగి గెల, కౌలాలంపూర్ ధర

తమ్ముడి వరుసైన మా పెదనాన్నగారి అబ్బాయికి ఏలూరు జిల్లా పెదవేగి దగ్గర ఎనిమిది ఎకరాల ఆయిల్‌పామ్ తోట ఉంది. చెట్టు కింద నాలుగు పండ్లు రాలాయంటే గెల పక్వానికి వచ్చినట్లే. కోశాక ఒక రోజులోపు మిల్లుకు చేర్చకపోతే నూనె నాణ్యత చెడుతుంది. కాటా దగ్గర ఇచ్చే చీటీ మీద బరువు ఉంటుంది, ధర ఉండదు. దాన్ని తరువాత ప్రకటిస్తారు. మిరప రైతు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిరప బస్తాలు) పెట్టుకుని మంచి ధర కోసం ఎదురుచూడగలడు. గెలకు ఆ వీలు లేదు.

ఆ ధరకు మూలం కౌలాలంపూర్‌లో ఉంది. అక్కడి ఎక్స్ఛేంజి బుర్సా మలేషియాలో ముడి పామాయిల్ ఫ్యూచర్స్ నడుస్తాయి, అంటే ముందు తేదీకి ఇవ్వాల్సిన సరుకు ధరను ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాలు. ఒక్కో కాంట్రాక్టు 25 టన్నులు. ధర మలేషియా కరెన్సీ రింగిట్లలో పలుకుతుంది. ప్రపంచ పామాయిల్‌లో సింహభాగం ఇండోనేషియా, మలేషియాలదే కాబట్టి అక్కడి నిల్వల లెక్క నెలనెలా వెలువడిన రోజున ఇక్కడి నూనె వర్తకులకు మరో పని తోచదు. 2022 మార్చిలో టన్ను 7,000 రింగిట్లు దాటింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపి, మే 23న మళ్ళీ వదిలింది. జులై నాటికి ధర 4,000 కిందికి జారింది. మా తమ్ముడు ఆ ఏడాది వేసవిలో ట్రాక్టరు కొందామనుకుని, దసరా నాటికి ఆ మాటే మానేశాడు.

ఇలాంటి ఒడుదొడుకులను తట్టుకోవడానికే ఫ్యూచర్స్ పుట్టాయి. మన దగ్గర 2021 డిసెంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ముడి పామాయిల్‌తో పాటు సోయా, ఆవాలు, శనగలు, గోధుమ, పెసలు, బాస్మతియేతర వరి ఫ్యూచర్స్‌ను నిలిపివేసి, ఆ గడువును పలుమార్లు పొడిగించింది. ఎనిమిదెకరాల రైతు స్వయంగా ఫ్యూచర్స్ ఆడతాడని నేను అనను; కానీ మిల్లులకు, దిగుమతిదారులకు స్వదేశంలో నష్టాన్ని కాచుకునే చోటు లేకుండా చేసినంత మాత్రాన కౌలాలంపూర్ ధర దిగదు కదా.

నా దృష్టిలో రైతుకు అసలు ఫ్యూచర్స్ దిగుమతి సుంకమే; అది పెరిగితే దిగుమతి నూనెతో పాటు ఇక్కడి నూనె ధరా పెరుగుతుంది, తగ్గితే పడుతుంది. ముడి పామాయిల్ మీద 2024 సెప్టెంబరులో 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగిన మొత్తం సుంకం, 2025 మే నెలాఖరులో 16.5 శాతానికి తగ్గింది. నూనె టన్ను లక్ష రూపాయలనుకుంటే ఆ 11 శాతం తేడా 11,000 రూపాయలు. టన్ను గెలల ధర ముడి నూనె ధరలో 14.3 శాతం అని జాతీయ ఆయిల్‌పామ్ మిషన్ పెట్టిన లెక్కన చూస్తే, టన్ను గెలలకు 1,573 రూపాయలు. ఎకరాకు ఎనిమిది టన్నుల దిగుబడి వచ్చే ఎనిమిదెకరాల తోటలో, ఈ తేడా పూర్తిగా రైతు దాకా వస్తే, ఏడాదికి లక్ష రూపాయలు అటో ఇటో అవుతుంది. వంటింటి ఖర్చు తగ్గించడం తప్పని చెప్పను. కానీ కాపుకు రావడానికే నాలుగేళ్ళు పట్టి, పాతికేళ్ళకు పైగా నిలిచే తోటకు తొమ్మిది నెలల్లో రెండుసార్లు లెక్క మారడం మాత్రం నాకు మింగుడుపడదు.

ముందుచూపుకొస్తే, ఇండోనేషియా 2025 నుంచి డీజిల్‌లో 40 శాతం పామాయిల్ ఇంధనం కలపాలని నిర్ణయించింది. అక్కడ వాడకం పెరిగేకొద్దీ ఎగుమతికి మిగిలేది తగ్గుతుంది. అయితే పామాయిల్ సోయా నూనెను మించి ప్రియమైతే మన దిగుమతిదారులు సోయా వైపు మళ్ళుతారు, కాబట్టి పెరుగుదలకు అక్కడొక పైకప్పు ఉంది. తమ్ముడు మరో మూడెకరాల్లో మొక్కలు వేయాలా అని అడుగుతున్నాడు. నీళ్ళుంటే వేయమన్నాను, ట్రాక్టరు అప్పు మాత్రం ఒక మంచి నెల ధర చూసి చేయవద్దన్నాను.