కిలో పంచదార బదులు మాల్ట్

ఇంట్లో బీరు చేసుకునే కిట్ డబ్బా మీద ‘కిలో పంచదార కలపండి’ అని ఉంటుంది. కలిపితే 23 లీటర్లూ పల్చగా తయారవుతాయి. పంచదారంతా ఈస్ట్ తినేస్తుంది, నోటికి తగిలే చిక్కదనం మిగలదు. బదులుగా హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) లేని పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే మొలకెత్తిన బార్లీ సారం, కిలో వేయండి. పాకంలా ఉండే లిక్విడ్ మాల్ట్ అయితే కిలోంబావు, అందులో దాదాపు ఐదో వంతు నీళ్లే. ఖర్చు ఎక్కువనిపిస్తే సగం మాల్ట్, సగం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి). తేలికపాటి బీరుకి నా ఓటు దీనికే.

పొడిని మరిగే నీళ్లలో వేయకండి, ఆవిరికే ఉండకట్టి గరిటెకి అంటుకుపోతుంది. చల్లనీళ్లలో కలిపాకే పొయ్యి వెలిగించండి. పొంగుతుంది, పక్కనే ఉండండి.

బెంగళూరు ఏప్రిల్ ఎండల్లో ఫర్మెంటర్‌కి (బీరు పులిసే పాత్రకి) తడిగుడ్డ తప్పనిసరి, ఏల్ రకం బీరు ఈస్ట్‌కి 20 డిగ్రీలు హాయి. మాల్ట్ వేస్తే హైడ్రోమీటర్ (బీరు సాంద్రత చూపే పరికరం) 1.012 దగ్గర ఆగొచ్చు, కంగారొద్దు. మూడు రోజులు అంకె కదలకపోతేనే సీసాలు నింపండి, లేకపోతే పేలతాయి.