హెడ్మాస్టారిని కంచులో పోసిన ఏడు నెలలు

గుంటూరులో విగ్రహాలు చేసుకుని బతుకుతున్నాను. కార్డు మీద శిల్పి అని వేయించుకున్నాను గానీ, చుట్టుపక్కల అందరూ బొమ్మలాయన అనే అంటారు, నాకూ అదే బాగుంటుంది. పదిహేడో ఏట తెనాలిలో ఒక వర్క్‌షాపులో మట్టి తొక్కడంతో మొదలుపెట్టి, తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం చదివి, మళ్లీ ఇటే వచ్చి నల్లపాడు వైపు ఒక రేకుల షెడ్డు వేసుకున్నాను. జి. రవీందర్ రెడ్డి గారు ఫైబర్‌గ్లాసుతో చేసిన, కళ్లు ఇంతింత చేసుకుని చూసే ఆడవాళ్ల పెద్ద పెద్ద తలలు చూసి పిచ్చెక్కిన బ్యాచ్ మాది, అందుకే ఫైబర్ అంటే నాకు భయం లేదు. కంచు మాత్రం సొంత బాధ్యత మీద ఎప్పుడూ పోయించలేదు.

ఫిబ్రవరిలో ఒక హైస్కూలు పూర్వ విద్యార్థులు వచ్చారు. చనిపోయిన హెడ్మాస్టారి విగ్రహం కావాలి, రెండున్నర అడుగుల బస్టు, అంటే తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మ, కంచులోనే కావాలి, ఊరి సెంటర్లో పెట్టాలి. సెంటర్లో కుదరదండీ అని మొదటి రోజే చెప్పేశాను. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతులు ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అయినా రాత్రికి రాత్రి పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు, ఆ తర్వాత తలనొప్పులు మాత్రం అందరికీ. చివరికి స్కూలు ఆవరణలో పెట్టుకుందామని ఒప్పుకున్నారు. అడ్వాన్స్ ఇచ్చారు. ఫొటోలు మాత్రం రెండే ఇచ్చారు: ఒకటి ఆధార్ కార్డులోది, ఇంకోటి టెన్త్ బ్యాచ్ గ్రూపు ఫొటో, అందులో ఆయన ముఖం నా బొటనవేలి గోరంత ఉంది.

పక్క నుంచి తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదు. బొమ్మ చేసేవాడికి అసలు కావాల్సింది అదే. ముక్కు ఎంత ముందుకు వచ్చింది, గడ్డం ఎంత లోపలికి పోయింది అన్నది ఎదుటి నుంచి తీసిన ఫొటో చెప్పదు. ఆయన తమ్ముడు అచ్చం అన్నలాగే ఉంటాడని ఎవరో అంటే ఆయన్ని పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టి చెవుల కొలతలు తీసుకున్నాను. పాపం పెద్దాయన, "చెవులతో నీకేం పని బాబూ" అని మూడుసార్లు అడిగాడు.

ఏప్రిల్‌లో మట్టి ఎక్కించాను. గుంటూరు ఎండల్లో మట్టి పని పెట్టుకోవడం నా తెలివి తక్కువతనం. మధ్యలో ఇనప పైపు నిలబెట్టి, చిన్న చెక్కముక్కల్ని అడ్డంగా నిలువుగా కట్టి తీగలతో వేలాడదీస్తాం, బరువుకు మట్టి కిందికి జారకుండా అవే పట్టుకుంటాయి. తల చిన్నదే కదా అని అక్కడ రెండే కట్టాను. ఆరిపోయి పగుళ్లు వస్తాయన్న టెన్షన్‌లో రాత్రి పడుకోబోయే ముందు నీళ్లు ఎక్కువ కొట్టి, తడిగుడ్డలు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి వెళ్లాను. పొద్దున వచ్చి విప్పితే హెడ్మాస్టారు గడ్డం గుండెకు ఆనించి కునుకు తీస్తున్నారు. పన్నెండు రోజుల పని. ఆ రోజు షెడ్డు మూసేసి ఇంటికెళ్లి పడుకున్నాను, ఫోన్ కూడా ఎత్తలేదు.

రెండోసారి చేసింది నిలబడింది. నల్లగుడ్డు ఉండాల్సిన చోట గుంట తవ్వి, పై అంచున చిన్న మట్టి బొట్టు వదిలేశాను. గుంటలో నీడ నలుపులా కనిపిస్తుంది, బొట్టు మీద పడ్డ వెలుగు కంట్లో మెరుపులా కనిపిస్తుంది. ఇది చేసిన నిమిషంలో మట్టికి చూపు వస్తుంది, ఎన్నిసార్లు చేసినా నాకు ఒళ్లు ఝల్లుమంటుంది.

హెడ్మాస్టారి ఇంట్లోవాళ్లను పిలిచాను. అమ్మగారు చాలాసేపు చూసి, "ముఖం ఆయనదే నాయనా, మనిషి మాత్రం ఆయన కాదు" అన్నారు. కూతురేమో నాన్న నవ్వుతూ ఉండేవారంది. పూర్వ విద్యార్థి ఒకాయన, నవ్వడం మేమెప్పుడూ చూడలేదు, బెత్తమే చూశాం అన్నాడు. ముగ్గురూ నా షెడ్డులోనే వాదించుకున్నారు. కాసేపు విని నేను టీ తేవడానికి బయటికి పోయాను.

అప్పుడు గుర్తొచ్చింది ఫ్రెంచి శిల్పి రోడిన్ సంగతి, కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టింది. 1891లో ఫ్రాన్స్‌లో రచయితల సంఘం నవలా రచయిత బాల్జాక్ విగ్రహం చేసిపెట్టమంది, అప్పటికి బాల్జాక్ పోయి నలభై ఏళ్లు దాటింది. రోడిన్ ఏం చేశాడంటే, బాల్జాక్‌కు బట్టలు కుట్టిన దర్జీని పట్టుకుని పాత కొలతలతో మళ్లీ కుట్టించుకున్నాడు. అంత చేసి 1898లో చూపిస్తే ఇది మాకొద్దని సంఘం తిప్పికొట్టింది. కంచులో పోసి పారిస్‌లో నిలబెట్టింది 1939లో, రోడిన్ పోయిన ఇరవై రెండేళ్లకు. నాకు అన్నేళ్లు ఆగే ఓపికా లేదు, మిగతా డబ్బు రాకపోతే షెడ్డు అద్దె కట్టలేను, కానీ దర్జీ ఆలోచన మాత్రం పట్టుకుంది.

హెడ్మాస్టారి చొక్కాలు కుట్టిన సాయిబు గారి కొట్టు బ్రాడీపేటలో ఉంది. ఇప్పుడు కొడుకు కుడుతున్నాడు, ఈయన పక్కన స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాడు. పేరు చెప్పగానే పుస్తకం తీయకుండానే, "ఎడమ భుజం కిందికి ఉండేది బాబూ ఆయనకి, అర అంగుళం పైనే. చిన్నప్పటి నుంచీ బరువు సంచి అటే వేసుకున్నారంట. ఆ వైపు దించి కుట్టకపోతే కాలరు మెడ మీదికి ఎక్కేది" అన్నాడు. నేను రెండు భుజాలూ స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా చేశాను! విగ్రహం అంటే నిటారుగా ఉండాలని మనకు ఒక అలవాటు పడిపోయింది కదా, చేతులు వాటంతటవే అలా పోతాయి.

ఆ సాయంత్రం ఎడమ భుజం కోసి దించాను. భుజం దిగితే మెడ కొంచెం కుడికి వాలాలి, కాలరు ఒక పక్క నలగాలి, ఒకటి మారిస్తే అన్నీ మారతాయి, నాలుగు రోజులు పట్టింది. ముఖం ముట్టుకోలేదు. అమ్మగారు మళ్లీ వచ్చి ఈసారి ఏమీ అనలేదు, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. కూతురు మాత్రం నవ్వు వచ్చింది చూడండి అంది. నేను నవ్వు పెట్టలేదని చెప్పలేదు.

తర్వాతదంతా తెనాలిలో. మట్టి బొమ్మ మీద రబ్బరు అచ్చు తీసి, అందులో అయిదు మిల్లీమీటర్ల మందాన మైనం పూసి, లోపల ప్లాస్టరూ ఇటుకపొడీ కలిపిన గుజ్జు నింపి, బయటా అదే కప్పి, రెండు రోజులు కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కంచు పోస్తారు. లోహం చల్లారితే నూటికి ఒకటిన్నర వంతు దాకా కుంచించుకుపోతుంది, అది లెక్కలో పెట్టుకుని మట్టిలోనే కాస్త పెద్దగా చేసుకోవాలి. తల, ఛాతీ విడివిడిగా పోశారు. లోహం కరిగించే మూసలో కంచు పదకొండు వందల డిగ్రీలు దాటి నారింజ రంగులో ఊగుతుంటే మేస్త్రి ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి ఉంటారు. మర్నాడు అచ్చు పగలగొడితే అంతా బాగానే వచ్చింది, ఎడమ చెవి పైసగం లేదు. గాలి బయటికి పోయే గొట్టం అక్కడ పెట్టలేదు, తప్పు నాదే, మైనం మీద గొట్టాలు అతికించింది నేనే. మేస్త్రి నవ్వి, "క్లాసులో ఎవడి చెవి మెలిపెట్టాడో" అన్నాడు. చెవి ఒక్కటి మళ్లీ మైనంలో చేసి, విడిగా పోయించి, వెల్డింగ్ పెట్టి, అతుకు కనపడకుండా రాకడానికి వారం పట్టింది. చివర్లో బ్లోటార్చితో వేడి చేస్తూ పొటాషియం సల్ఫైడ్ కొట్టి, చింతగింజ రంగు తెప్పించి, వేడి మీదే మైనం రాశాను.

ఆగస్టు నెలాఖరులో ఆవిష్కరణ. ముందురోజు రాత్రి నేను బిగించి వచ్చాను. మర్నాడు వెళ్లి చూద్దును కదా, ముసుగు తీయగానే హెడ్మాస్టారు ధగధగా బంగారు రంగులో ఉన్నారు. మెరుపు లేదని కమిటీలో ఎవరికో అనిపించి, తెల్లవారుజామున పెయింటర్ని పిలిపించి వేయించేశారట. చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. శాలువా కూడా కప్పించుకున్నాను.

మిగతా డబ్బు చేతికొచ్చాక, ఒక ఆదివారం వాచ్‌మన్‌తో చెప్పి, థిన్నరూ పాత బనీన్లూ పట్టుకుని వెళ్లాను. సాయంత్రం దాకా రుద్దితే చాలావరకు పోయింది, దాంతోపాటు నేను రాసిన మైనమూ పోయింది. చెవి మడతల్లో మాత్రం ఇంకా బంగారం మిగిలి ఉంది. టూత్‌బ్రష్ తీసుకుని మళ్లీ వెళ్లాలి.