మెట్ల మీద కుంకుమ పొట్లం

ఆదివారం, రాత్రి.

తిరుపతిలో ఉండేవాళ్లకి సినిమావాళ్లు, క్రికెటర్లు, మంత్రులు కనబడడం పెద్ద విశేషం కాదు. పొద్దున్నే లోకల్ చానెల్ పెడితే శ్రీవారిని దర్శించుకున్న ప్రముఖుల వార్త రావాల్సిందే. బ్రేక్ దర్శనం, రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం, తీర్థప్రసాదాలు, గుడి బయటికి రాగానే మొహం ముందు మైకులు. మా ఆఫీసులో చాలామంది ఫోన్లలో ఎవరో ఒకరితో సెల్ఫీ ఉంటుంది. రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగిందో, కొండమీద గెస్ట్‌హౌస్ గేటు దగ్గర దిగిందో. నా ఫోన్లో ఒక్కటీ లేదు, కావాలని ఎప్పుడూ అనిపించలేదు. కానీ ఈరోజు కనిపించిన మనిషి గురించి మాత్రం పడుకునేలోపే రాసుకోవాలి.

అత్తకి మెట్ల పూజ మొక్కుంది. మావయ్య ఆపరేషన్ నుంచి క్షేమంగా ఇంటికొస్తే ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడతానని మొక్కుకుంది. అలిపిరి నుంచి 3550 మెట్లు. వంగడం, పసుపు రాయడం, బొట్టు పెట్టడం, లేవడం, మళ్లీ వంగడం. నేను చేస్తానంటే ఒప్పుకోదు. "మొక్కింది నేను, వంగాల్సింది నా నడుమే" అంటుంది. పసుపు చెంబు, కుంకుమ పొట్లాలు మోయడం, వెనకొచ్చే గోవిందా గుంపులకి దారివ్వడం నా పని. తెల్లారకముందే పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాం.

గాలిగోపురం ఇంకా కొంత దూరముందనగా కుంకుమ అయిపోయింది. పైకెళ్తే అంగళ్లుంటాయి, కానీ మధ్యలో మెట్లు వదిలేయడానికి అత్త ససేమిరా అంది. "నువ్వు పోయి తీసుకురా పాపా, నేనీడే కూర్చోనుంటా" అని మెట్టు మీద కూలబడింది. మాకు కొంచెం ముందు ఇంకొకావిడ కూడా పూజ చేసుకుంటూ ఎక్కుతోంది. చున్నీ తలమీదుగా కప్పుకుని ఉంది. అత్త మాట వినబడినట్టుంది, నాలుగు మెట్లు దిగొచ్చి, కొత్త పొట్లం మూల పళ్లతో చించి సగం కుంకుమ అత్త డబ్బాలో పోసింది. "తీసుకోండమ్మా, నా దగ్గర ఇంకా ఉంది" అంది.

ఆ గొంతు విని తలెత్తి చూశాను. మేకప్ లేదు, కళ్లద్దాలున్నాయి. గోళ్ల చుట్టూ పసుపు పట్టేసి ఎండిపోయింది, చూపుడువేలు కుంకుమతో ఎర్రగా ఉంది. హీరోయిన్ కాదు. హీరో ఇంట్లో పనిమనిషిగానో, పక్కింటి గయ్యాళిగానో వచ్చి, రెండు నిమిషాల్లో హాలంతా నవ్వించి వెళ్లిపోయే ఆర్టిస్టు. పేరు ఇక్కడ కూడా రాయను. మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన వచ్చిన మనిషి, ఆ మాత్రం చాటు ఆమెకి ఉండాలి. మాడవీధుల్లో సినిమావాళ్ల వెంటపడి ఫోన్లు మొహాలకి అడ్డంపెట్టేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్లు కూడా ఏదో కోరుకోవడానికే కదా ఇంత దూరం వచ్చింది.

నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రిళ్లు బయట ఇనుప కుర్చీల్లో కూర్చునేదాన్ని. నిద్ర పట్టదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. పక్కవాళ్లకి ఇబ్బందని సౌండ్ తీసేసి ఫోన్లో ఈవిడ కామెడీ బిట్లు చూసేదాన్ని. డైలాగు వినబడకపోయినా ఆ కళ్లు తిప్పడం, ఆ మూతి విరుపు చాలు, నవ్వొచ్చేసేది. లోపల నాన్న అలా ఉంటే ఇక్కడ నేను నవ్వుతున్నానేంటని వెంటనే ఏడుపొచ్చేది. అయినా మళ్లీ చూసేదాన్ని. ఆ నవ్వే లేకపోతే ఆ రాత్రిళ్లు గడిచేవి కావు.

ఇదంతా ఆమెకి ఎలా చెప్పాలి? "మీరు నన్ను చాలా నవ్వించారండీ" అన్నాను, అంతే వచ్చింది నోట్లోంచి. అందరూ అనే మాటే కదా, ఒక చిరునవ్వు నవ్వి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె "ఎప్పుడు?" అని అడిగింది.

ఏ సినిమాలో అని అడగలేదు, ఎప్పుడు అంది. దాంతో చెప్పేశాను, ఆస్పత్రి సంగతి. "ఇప్పుడెలా ఉన్నారు?" అంది. లేరని చెప్పాను. నాన్న పేరడిగింది. చెప్తే, వంగి తర్వాతి మెట్టుకి పసుపు రాసి, ఆ పేరు పైకి పలికి బొట్టు పెట్టింది. నాకు గొంతు పూడుకుపోయింది. ఆమె ఎవరికోసం ఎక్కుతోందో నేనడగలేదు, ఆమే చెప్పలేదు. మా అత్త నడుం నొప్పితో రెండేసి మెట్లకోసారి ఆగుతుంటే, మా పక్కనే గాలిగోపురం దాకా నెమ్మదిగా ఎక్కింది. తర్వాత ముందుకెళ్లిపోయింది.

కొండ దిగే బస్సులో నాకు నాన్నే గుర్తొస్తూ ఉన్నాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి అన్నమాచార్య కళామందిరం దగ్గర గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఎదురుపడ్డారు. మేం కచేరీకి కూడా వెళ్లలేదు, ఆ దారిన పోతున్నాం అంతే. 'వినరో భాగ్యము విష్ణుకథ'కి బాణీ కట్టిన మనిషి, అన్నమయ్య కీర్తనలు ఆరువందలకి పైగా స్వరపరిచిన మనిషి. 1978 నుంచి 2006 దాకా అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేశారు. ఆ గొంతు ఈ ఊళ్లో వినని ఇల్లుండదు, ఆ మనిషి పక్కనుంచి నడిచి వెళ్తే గుర్తుపట్టనివాళ్లు మాత్రం బోలెడంతమంది. నాన్న గుర్తుపట్టాడు. దారిన పోయే కుక్కని కూడా పలకరించే మా నాన్న, ఆయన ముందు నోరు పెగల్లేదు. చెప్పులు విడిచి రోడ్డు మీదే నమస్కారం పెట్టాడు. ఆయనా నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. మాట్లాడొచ్చు కదా నాన్నా అని నేను దారంతా సణిగాను. "చెప్పాల్సింది చెప్పేశాను లేమ్మా" అన్నాడు. 2025 మార్చి 9న ఆయన ఇక్కడే, తిరుపతిలోనే పోయారు. అప్పటికి నాన్న లేడు. ఉండుంటే ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు.

రాత్రి భోజనాల దగ్గర మా పెద్దమ్మాయికి చెప్పాను. ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. దీన్ని పారాసోషల్ అంటారట, 1956లోనే హార్టన్, వోల్ అనే ఇద్దరు రాశారట. తెరమీది మనిషి మనకి బాగా తెలిసినట్టు ఉంటుంది, ఆ మనిషికి మనం ఉన్నామనే తెలియదు, ఒకవైపు బంధం అని వివరించింది. నిజమే కావొచ్చు. కానీ గంటల తరబడి క్యూలో నిలబడి, గర్భగుడి గడప, ఆ కులశేఖరపడి దాకా కూడా వెళ్లకుండానే "జరగండి, జరగండి" అని తోసేస్తే, ఆ రెండు క్షణాలు తలుచుకుంటూ ఏడాదంతా బతికే ఊరు మనది. స్వామి నన్ను చూశాడా లేదా అని లెక్కలడుగుతామా? మనిషిని దేవుడితో సమానం చేయడం లేదు నేను. నాకు అందింది మాత్రం నిజంగా అందింది, ఆస్పత్రి కుర్చీలో. ఆ బాకీ ఒకటి నా దగ్గర ఉండిపోయింది, ఇవాళ తీర్చే దారి దొరికిందని వెళ్తే ఆమె ఇంకాస్త పెంచి పంపింది.

అత్త అప్పటిదాకా కాళ్లకి నూనె రాసుకుంటూ వింటోంది. పొద్దున ఆమె ఎవరో అత్తకి తెలియదు, పసుపు నిండా రాస్తాండాది, బుద్ధిమంతురాలు అనుకుందంతే. ఫోన్లో ఒక సీను పెట్టి చూపించాను. పకపకా నవ్వింది. నవ్వి, "అంత నవ్విచ్చే పిల్లకి ఏం కష్టమొచ్చిండాదో పాపా, అన్ని మెట్లకీ వంగతా పోయింది" అంది. రేపు మన వీధి వినాయకుడి గుడిలో మావయ్య పేరుతో పాటు ఆమె పేరున కూడా అర్చన చేయిస్తుందట. పేరు చెప్పాను. గోత్రమేమని అడిగింది. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పొచ్చు అన్నాను. "సరే, పొద్దన్నే గుర్తు చెయ్యి" అని దీపం చిన్నది చేసి పడుకుంది.