నిలకడ నీటిని నిలకడగా ఉంచగలగడం: ఎగుడుదిగుడు అడుగు మీద ప్రవాహాల గణన

వరద ఎంత దూరం పాకుతుందో, ఆనకట్ట తెగితే దిగువ ఊళ్ళకు నీళ్ళు ఎంతసేపట్లో చేరతాయో, సునామీ ఒడ్డును ఎంత ఎత్తున తాకుతుందో కంప్యూటర్‌తో లెక్కించేవాళ్ళు ఎక్కువగా ఆధారపడేది 1871లో ఫ్రెంచ్ ఇంజనీరు సెయింట్ వెనాంట్ ప్రచురించిన సమీకరణాల మీదే. నీరు విస్తరించిన దూరంతో పోలిస్తే లోతు బాగా తక్కువ గనుక, నిలువు దిశలో త్వరణాన్ని వదిలేసి, నీటి పరిమాణానికి ఒకటి, ద్రవ్యవేగానికి ఒకటి చొప్పున నియమాలు రాసుకుంటే సరిపోతుందన్నది వాటి వెనకున్న ఆలోచన. అడుగు చదునుగా ఉన్నంతవరకు ఈ సమీకరణాలు కంప్యూటర్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టవు. అడుగులో మిట్టపల్లాలు ఉన్నప్పుడే చిక్కు మొదలవుతుంది, మరి నిజమైన నదికి గాని సముద్రానికి గాని చదునైన అడుగు ఉండదు కదా.

అందుకే ఏ కొత్త కోడ్ చేతికి వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: గాలి లేని రోజు చెరువులో కదలకుండా ఉన్న నీటిని ఇది కదలకుండా ఉంచగలదా? వినడానికి ఇది ప్రశ్నలాగే అనిపించదు. కానీ ఎంతో జటిలమైన గణన పద్ధతులు కూడా ఇక్కడే తడబడ్డాయి.

లెక్క కోసం కంప్యూటర్ నీటి ప్రాంతాన్ని చిన్నచిన్న గడులుగా విడగొడుతుంది, వాటిలో పక్కపక్కనే ఉన్న రెండింటిని తీసుకుందాం. ఎడమ గడిలో అడుగు ఎత్తు 0, కుడి గడిలో 1 మీటరు, నీటిమట్టం రెండింటిలోనూ 2 మీటర్లు. అంటే లోతులు 2, 1. లోతు వర్గాన్ని గురుత్వ త్వరణంతో హెచ్చించి సగం చేస్తే వచ్చే పీడన పదం ఎడమన 19.62, కుడిన 4.905, తేడా 14.715. నీటిని కుడివైపుకు నెట్టే ఈ తేడాను అడుగు వాలు నుంచి వచ్చే పదం (గురుత్వ త్వరణం, లోతు, అడుగు ఎత్తుల తేడా, ఈ మూడింటి లబ్ధం) సరిగ్గా రద్దు చేయాలి. ఆ పదంలో లోతుకు బదులు రెండు గడుల సగటు 1.5 వేస్తే సరిగ్గా 14.715 వస్తుంది, ఎడమ గడి లోతే వేస్తే 19.62, కుడి గడిదే వేస్తే 9.81 వస్తాయి. గడులు సన్నబడేకొద్దీ ఈ మూడూ ఒకే విలువకు చేరతాయి గనుక సిద్ధాంతరీత్యా దేన్నీ తప్పు అనలేం, అయినా నీటిని నిలబెట్టేది మొదటిది మాత్రమే.

అంతటితో పని పూర్తి కాదు. గడుల సరిహద్దులో ప్రవాహాన్ని తేల్చే రుసనోవ్, హెచ్‌ఎల్‌ఎల్ వంటి సూత్రాలు నీటిమట్టాన్ని కాక లోతును చూస్తాయి గనుక, ఒకవైపు 2, మరోవైపు 1 కనబడగానే అక్కడ ఆనకట్ట తెగిందనుకుని నీటిని కుడివైపుకు పంపేస్తాయి. నిలకడ నీటిని యథాతథంగా కాపాడే ఈ గుణానికి బెర్ముడెజ్, వాస్‌కెజ్ 1994లో సి-ప్రాపర్టీ అని పేరు పెట్టారు. 2004లో ఒడుస్, మరో నలుగురు కలిసి ఇచ్చిన పరిష్కారం నాకు ఈ రంగంలోకెల్లా అందమైన ఆలోచనగా తోస్తుంది. సరిహద్దు దగ్గర రెండు గడుల అడుగు ఎత్తుల్లో పెద్దదాన్ని తీసుకుని, రెండువైపులా నీటిమట్టం లోంచి దాన్ని తీసివేసి, ఫలితం రుణాత్మకమైతే సున్నా చేయాలి. మన ఉదాహరణలో రెండువైపులా 1 మీటరే వస్తుంది, కాబట్టి నీరు కదలదు. కుడి అడుగు 3 మీటర్లు ఉంటే రెండువైపులా సున్నా వస్తుంది, కాబట్టి పొడి గట్టు మీదకు నీరు దానంతటది ఎక్కదు.

ఈ కొద్దిపాటి తేడాలకు ఇంత పట్టింపు ఎందుకంటే, లెక్కించవలసిన అల కూడా చాలాసార్లు అంత చిన్నదే. 2004 డిసెంబరు 26 సునామీని భూకంపం వచ్చిన దాదాపు రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతంలో కొలిచినప్పుడు అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లే. దాని కింద లోతు వేల మీటర్లలో ఉంటుంది. అడుగు పదం సరితూగని కోడ్ సముద్రపు వాలుల మీద పుట్టించే దొంగ అలలు అసలు అలను మింగేయగలవు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 2007 నుంచి పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ముందుగానే రకరకాల భూకంపాలకు లెక్కలు కట్టి దాచుకున్న ఫలితాలను వాడుతుంది. అలాంటి చోట ఈ సమతూకం మన తీరప్రాంతాల వారి ప్రాణాలకు సంబంధించిన విషయం.

పొడి నేల మీదకు పాకే నీటికి మంచి కొలబద్ద ఫ్రాన్స్‌లోని మల్పాసె. 66.5 మీటర్ల ఆ ఆనకట్ట 1959 డిసెంబరు 2 రాత్రి తెగి 423 మంది చనిపోయారు. వరద తాకి మూడు ట్రాన్స్‌ఫార్మర్లు ఆగిన సమయాలు, పోలీసులు నమోదు చేసిన నీటి జాడలు మిగిలాయి గనుక, నేటికీ కొత్త కోడ్‌లను వాటితో సరిచూస్తారు. ఇక్కడ ఇబ్బంది మరో రకంగా వస్తుంది. నీటి అంచున లోతు మిల్లీమీటర్లకు పడిపోతుంది, ద్రవ్యవేగాన్ని ఆ లోతుతో భాగించగానే వేగం అసాధ్యమైన విలువకు ఎగబాకుతుంది, దానితోపాటు టైమ్ స్టెప్ (గణన ఒక్కోసారి ముందుకు జరిగే కాల వ్యవధి) కుంచించుకుపోయి గణన ముందుకు సాగదు. ఒక పరిమితి కన్నా పలచనైన గడిలో వేగాన్ని సున్నా చేయడం వాడుకలో ఉన్న ఉపాయం. ఆ పరిమితిని ఫలితంతోపాటు చెప్పి తీరాలని నేనంటాను.

నిలకడ నీటి పరీక్ష నెగ్గిన కోడ్‌కు తరువాత పెట్టవలసింది మిట్ట మీదుగా స్థిరంగా పారే నీరు. అక్కడ ప్రతి గడిలోనూ ప్రవాహ పరిమాణం ఒకటే ఉండాలి. మొదటి పరీక్షలో మచ్చ లేకుండా వచ్చిన పద్ధతులు చాలా, మిట్ట దిగువన హైడ్రాలిక్ జంప్ (వేగంగా పారే నీరు హఠాత్తుగా నెమ్మదించి మట్టం పైకి లేవడం) ఏర్పడే ఒకటి రెండు గడుల్లో, ఆ పరిమాణాన్ని ముల్లులా పైకి లేపి చూపిస్తాయి. గడులను సన్నం చేసినా ఆ ముల్లు మొన సన్నబడుతుందే తప్ప ఎత్తు పెద్దగా తగ్గదు.