మెలడీ వీడియో, నాలుగో ప్రయత్నం: ఆ 13 ఫ్రేములు దొరికాయి

దొరికింది! మూడు వారాలుగా నన్ను నిద్రపోనివ్వని, పాటకీ పెదాల కదలికకీ మధ్య 13 ఫ్రేముల తేడా ఎక్కడిదో నిన్న రాత్రి తెలిసింది.

ఒకే ట్యూన్‌ని వేర్వేరు జానర్లలో పాడించి, ఆ జానర్ పద్ధతిలోనే వీడియో తీయాలన్నది నా పంతం. ర్యాప్ అయిపోయింది: బొమ్మని గుండ్రంగా వంచి చూపే ఫిష్‌ఐ లెన్స్, కింది నుంచి యాంగిల్, కళ్ళు నేరుగా కెమెరాలోకి. 1990లలో మ్యూజిక్ వీడియోల దర్శకుడు హైప్ విలియమ్స్ వాడిన ఆ పద్ధతి ఇప్పటికీ అంతే బాగుంది. మెటల్ కూడా అయింది, రెండు బీట్లకో కట్. మెలడీ దగ్గరే ఇరుక్కుపోయాను.

మెలడీలో చూసేవాళ్ళు కోరుకునేది ఒకటే. జుట్టు, పమిట, వాన చినుకులు నెమ్మదిగా తేలాలి, పెదాలు మాత్రం పాటతోనే కదలాలి. ర్యాప్‌లో ఇదే చేస్తే మనిషిలో పొగరంతా పోతుంది. మెలడీలో ఇది లేకపోతే బాధ నిలవదు. అందుకే వదల్లేకపోయాను. దీనికి పాటని వేగంగా వినిపించి, ఆ వేగంతోనే పెదాలు ఆడించమని, సెకనుకి ఎక్కువ ఫ్రేములతో తీయాలి. ఆ షాట్‌ని 24 ఫ్రేముల మీద నడిపితే అన్నీ నెమ్మదిస్తాయి, పెదాలు మాత్రం అసలు పాటతో కలుస్తాయి.

పాట 72 బీపీఎం, అంటే నిమిషానికి 72 బీట్లు. ఎడిటింగ్ టైమ్‌లైన్ సెకనుకి 24 ఫ్రేములు. బీటుకి సరిగ్గా 20 ఫ్రేములు. పల్లవి 16 బీట్లు కాబట్టి 320 ఫ్రేములు రావాలి. నాకు 333 వస్తున్నాయి. మొదటి మాట చక్కగా కూర్చుంటుంది. నాలుగు బీట్లు గడిచేసరికి మూడు ఫ్రేములు వెనక, పల్లవి చివరికి అర సెకను దాటి వెనక.

ముందు బ్లూటూత్ స్పీకర్‌ని అనుమానించాను. వైరుతో కలిపినా అదే 13. అయినా బ్లూటూత్ వల్ల వచ్చే ఆలస్యమైతే స్థిరంగా ఉండేది, క్లిప్‌ని కాస్త జరిపితే సరిపోతుంది. ఇది పెరుగుతూ పోతోంది. తర్వాత ఫోన్ ఫ్రేమ్ రేట్ మీద అనుమానం. కెమెరాతో తీశాను, మళ్ళీ 13. చివరికి పాడేవాడే తాళం తప్పుతున్నాడనుకుని అతనితో పల్లవి పదిసార్లు పాడించాను. పాపం, అతను మొదటి నుంచీ సరిగ్గానే పాడుతున్నాడు.

తప్పు నా లెక్కలో ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపాల కింద 48 ఫ్రేములతో తీస్తే చారలు పడుతున్నాయని, 50 ఫ్రేములు, 1/100 సెకను షట్టర్ పెట్టాను. పాటని మాత్రం రెట్టింపు వేగంతో, అంటే 144 బీపీఎంలో వినిపించాను. 50ని 24తో భాగిస్తే 2 కాదు, 2.083. ఆ నాలుగు శాతమే నా 13 ఫ్రేములు! పాట వినిపించాల్సింది 150లో. 150లో బీటు 0.4 సెకను, 50 ఫ్రేముల చొప్పున మళ్ళీ సరిగ్గా 20. కాగితం మీద ఆ 20 కనిపించగానే లేచి నిలబడ్డాను.

పాట వేగం మార్చడానికి నాకు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే ఇష్టం. టెంపో మార్చే చోట 72 నుంచి 150 అని రాస్తే శ్రుతి కదలదు. స్పీడ్ మార్చే ఆప్షన్ జోలికి పోవద్దు. శ్రుతి పైకి పోతుంది, దాన్ని అందుకోవాలని పాడేవాడి మెడ నరాలు ఉబ్బుతాయి, స్లో మోషన్‌లో అవి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు పల్లవి 320 ఫ్రేములే. కానీ ప, బ, మ దగ్గర పెదాలు ఇంకా పాటతో కలవట్లేదు. మామూలు వేగంలో ‘మ’కి పెదాలు మూడు నాలుగు ఫ్రేములు మూసుకుని ఉంటాయి, ఇక్కడ రెండే. మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా కన్ను పట్టించుకోదు, ఈ మూడింటిని మాత్రం వదలదు. 150లో గొంతు విప్పకుండా పెదాలు ఆడించడం వల్లే అని నా అనుమానం. ఈసారి పూర్తి గొంతుతో పాడమంటాను. అప్పటికీ కుదరకపోతే ఈ అక్షరాలున్న పాదాలకు దూరపు షాట్, లేనివాటికి క్లోజప్.

దీని తర్వాత రాక్. 140 బీపీఎంలో ఉంది, బీటుకి 10.29 ఫ్రేములు, ఎంత జాగ్రత్తగా కట్ చేసినా మెల్లగా జారుతుంది. 144కి పెంచితే సరిగ్గా 10. డ్రమ్స్ వాయించేవాడిని ఆ నాలుగు బీట్లు పెంచమని అడగాలి. ఒప్పుకుంటే వచ్చే ఆదివారమే ట్రాక్ రికార్డింగ్.