తరుగు

“సంచికి ఇంకో రెండు కిలోలు తరుగు రాయప్పా, ఏమైతాది” అన్నాడు మా సావుకారి, తూకంలోంచి అంత కోసేయమని. తూకం రాసే పెన్ను నా చేతిలోనే ఉంది.

ఎదురుగా కోడుమూరు వైపు నుంచి ఉల్లిగడ్డలు తెచ్చిన పెద్దాయన. తువాలు నిండా ఉల్లిపొట్టు. రాత్రంతా సంచుల మీదే పడుకున్నాడంట, కాటా ముల్లు వైపు కూడా చూడకుండా నా మొహమే చూస్తున్నాడు.

రాయలేకపోయాను. ఎంత తూగిందో అంతే రాశాను. “అందరూ రాస్తుండారు, నువ్వొక్కడివే భక్తుడివా, రేపటి నుంచి రావాల్నో వద్దో చెప్తాలే” అన్నాడు సావుకారి. నిజం చెప్పాలంటే కాళ్లు వణికాయి, పాప స్కూల్ ఫీజు ఇంకా కట్టలేదు, ఈ నెల బాడుగ కూడా బాకీ.

తిరిగొస్తూ బస్సులో బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం గుర్తొచ్చింది. అంజూరం పూయదు, ద్రాక్ష కాయదు, ఒలీవ కాపు ఉండదు, చేలో పంట రాదు, దొడ్డిలో గొర్రెలుండవు, కొట్టంలో పశువులుండవు, అయినా దేవునిలో సంతోషిస్తానంటాడు. వానకు మొహం వాచిన మన సీమలో ఇది వేరే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నీతిమంతుడు విశ్వాసంతో బ్రతుకుతాడనే మాట కూడా ఆయనదే, కొత్త నిబంధనలో అపొస్తలుడు పౌలు రోమీయులకూ గలతీయులకూ రాసిన పత్రికల్లో మళ్లీ ఎత్తుకున్నది ఆ మాటే. ఆదివారం ఎన్నిసార్లు చదివానో. సావుకారి ముందర మాత్రం ఈరోజే మొదటిసారి.

ఇంట్లో చెప్తే మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాపను పిలిచి ముగ్గురం మోకరించాం.

రేపు ఆరుకల్లా కొట్టుకు పోతాను. ప్రార్థన చేయండి.